తీగ రేఖగా మారిన కథ

పాడైపోయిన ట్రాన్సిస్టరు రేడియోను గాని, టి.వి. రిమోటును గాని విప్పి చూచినచో లోపల ఒక పలుచని పలక కనిపించును. దానికి ఒక ప్రక్కన చిన్నచిన్న విడిభాగములు అమర్చి ఉండును. రెండవ ప్రక్కన రాగి రేఖలు, ఊరి పటములో వీధులవలె, ఒకదానినొకటి తాకకుండ పోవుచుండును. ఇదే ముద్రిత వలయ ఫలకము. వాడుకలో దీనిని పి.సి.బి. అందురు. ఆ రేఖలు పూర్వము తీగలు చేసిన పనినే చేయుచున్నవి.

ఈ రేఖలు గీయువారు కొన్ని నియమములు పాటింతురు. వాడియైన మూలలు ఉండరాదు. ఒక ముఖముపై రేఖలు నిలువుగా పోయినచో రెండవ ముఖముపై అడ్డముగా పోవలెను. సరఫరా రేఖలు వెడల్పుగా ఉండవలెను. ప్రతి చిప్పు ప్రక్కన ఒక చిన్న కెపాసిటరు ఉండవలెను. వీనిని ఎక్కము వలె వల్లించినందువలన ప్రయోజనము స్వల్పము. తీగను అణచి పలకపై రేఖగా చేసినప్పుడు కొన్ని క్రొత్త చిక్కులు పుట్టినవి. ఒక్కొక్క నియమము ఒక్కొక్క చిక్కుకు సమాధానము. ఆ చిక్కు ఎట్లు వచ్చినదో తెలిసినచో నియమము దానంతట అదే బోధపడును.

తీగల అడవి

1930 ప్రాంతపు రేడియోలో ఒక ఇనుప పెట్టె వంటి చట్రము ఉండెడిది. వాల్వులు పైన, నిరోధకములు, కండెన్సర్లు క్రింద. వాని మధ్య తీగలు ఒకదానిపైనుండి మరియొకటి పోయెడివి. ప్రతి కీలును ఒక మనిషి చేతితో టంకము వేసి అతుకవలెను. ఒక్క రేడియోలో ఇట్టి అతుకులు అనేకము. ఒకటి తప్పినను రేడియో పలుకదు. అంతేగాక ఒకరు కట్టిన రేడియోలో తీగలు ఉన్నచోట మరియొకరు కట్టినదానిలో ఉండవు. అందుచేత ఒకే నమూనా రేడియోలు కూడ కొంచెము భిన్నముగా పనిచేసెడివి.

అయితే తీగకు ఒక సౌకర్యము కలదు. దానిపై తొడుగు ఉండును గనుక మరియొక తీగపైనుండి నిర్భయముగా దాటిపోవచ్చును. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. రేఖకు లేని సౌకర్యము ఇదే.

తీగకు బదులు చదునైన లోహపు రేఖలను వాడవచ్చునన్న ఆలోచన చాల పాతది. 1903లో ఆల్బర్ట్ హాన్సన్ అను ఆతడు చదునైన రేకు పట్టీలను బంధక పదార్థపు పలకపై అంటించు పద్ధతికి బ్రిటిష్ పేటెంటు కోరినాడు. పలకకు రెండు వైపుల వాహకములను ఉంచి, రంధ్రముల ద్వారా కలుపవచ్చునని కూడ ఆతడు ఊహించినాడు. 1913లో ఆర్థర్ బెర్రీ అనవసరమైన లోహమును ఆమ్లముతో కరగించి రేఖలను మిగుల్చు పద్ధతిని సూచించినాడు. 1925లో అమెరికాలో చార్లెస్ డ్యూకాస్ విద్యుత్ పూత ద్వారా రేఖలను పెంచవచ్చుననెను. ఆలోచనలు ఉన్నవి, కాని ఇంటింటి రేడియోలలోనికి అవి అప్పటికి రాలేదు.

వియన్నా నుండి వచ్చిన ఇంజనీరు

పాల్ ఐస్లర్ 1907లో ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో పుట్టినాడు. అచ్చటి సాంకేతిక విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివి 1930లో పట్టము పొందినాడు. యూదుడగుటచే ఉద్యోగము దొరుకుట కష్టమైనది. కొంతకాలము ఒక రేడియో పత్రికలో పనిచేసి, అచ్చుపని మెలకువలు గ్రహించినాడు. పుస్తకములో వేల అక్షరములు ఒక్క అదుముతో పడుచుండగా రేడియోలో తీగలు ఒక్కొక్కటిగా ఎందుకు అతుకవలెను? ఈ ప్రశ్నయే ఆతని జీవితమును నడిపినది.

1936లో ఆతడు ఇంగ్లండు చేరినాడు. చేతిలో డబ్బు లేదు. అద్దెగదిలో కూర్చుండి ముద్రిత వలయముతో ఒక రేడియో తయారుచేసి ఒక పెద్ద కంపెనీవారికి చూపినాడు. వారు వద్దన్నారు. తీగలు అతుకు పని ఆడపిల్లలు చేయుచున్నారనియు, వారి కూలి చౌకయనియు, యంత్రముకన్న వారిచేత పని మార్పించుట సులభమనియు కంపెనీవారు చెప్పినట్లు ఐస్లర్ తరువాత వ్రాసికొన్నాడు. ఒక నూతన పద్ధతి నిలుచుటకు అది శాస్త్రరీత్యా సరియైనదగుట మాత్రమే చాలదు. కూలి చౌకగా ఉన్నంతకాలము యంత్రమునకు గిరాకి ఉండదు.

యుద్ధము వచ్చినది. శత్రుదేశము నుండి వచ్చినవాడని 1940లో ఐస్లర్‌ను నిర్బంధించినారు. 1941లో విడుదలైన పిమ్మట సంగీత లిపి పుస్తకములు అచ్చువేయు ఒక లండన్ ముద్రణ సంస్థ ఆతనికి ఆశ్రయమిచ్చినది. ప్రతిఫలముగా తన హక్కులలో అధిక భాగమును ఆ సంస్థకు వ్రాసి ఇచ్చినాడు. 1943లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు.

ఆతని పద్ధతి సులభమైనది. బంధక పలకపై రాగి రేకును అంటింతురు. కావలసిన రేఖలపై ఆమ్లమునకు కరగని సిరాను అచ్చువేయుదురు. పలకను కరగించు ద్రావణములో ముంచినచో సిరాలేని రాగి కరగిపోవును. సిరా క్రింది రాగి రేఖగా మిగులును. నేడు విద్యార్థులు చేయు ప్రయోగములలో ఫెరిక్ క్లోరైడు ద్రావణమును వాడుదురు. ఒక రాగి పరమాణువు రెండు ఫెరిక్ క్లోరైడు అణువులతో చర్య జరిపి ఒక క్యూప్రిక్ క్లోరైడు అణువును, రెండు ఫెర్రస్ క్లోరైడు అణువులను ఇచ్చును.

మొదటి నియమము ఇచ్చట పుట్టినది. రెండు రేఖలు సూదిమొనవంటి కోణములో కలిసినచో ఆ మూలలో ద్రావణము నిలిచిపోయి ఉండవలసిన రాగిని కూడ తినును, రేఖ సన్నబడును. అందుచే మలుపును 45 అంశల చొప్పున రెండు విడతలుగా త్రిప్పుట మేలు. రేఖల మధ్య ఎడము మరీ తక్కువైనచో నడుమనున్న రాగి పూర్తిగా కరగక రెండు రేఖలు కలిసిపోవును. కనుక ఎంత సన్నని రేఖ గీయవచ్చునన్నది గీయువాని చేతిలో గాక తయారుచేయువాని చేతిలో ఉన్నది.

యుద్ధకాలములో అమెరికావారు విమానము సమీపించగానే ప్రేలు గుండ్ల కొరకు ఒక చిన్న రేడియో సాధనమును నిర్మించినారు. ఫిరంగినుండి వెలువడునప్పటి అదురుకు తీగలు తట్టుకొనుట కష్టము. అందుచే పింగాణి పలకలపై వెండి సిరాతో వలయములను అచ్చువేసినారు. 1947 అక్టోబరులో వాషింగ్టన్‌లో ముద్రిత వలయములపై సాంకేతిక సదస్సు జరిగినది. 1949లో అమెరికా సైన్యపు సిగ్నల్ దళమునకు చెందిన డాంకో, అబ్రామ్సన్ అను ఇద్దరు మరియొక అడుగు వేసినారు. విడిభాగముల కాళ్లను పలక రంధ్రములలో గ్రుచ్చి, పలక అడుగు భాగమును కరగిన టంకములో ముంచి అన్ని అతుకులను ఒకేసారి వేసినారు. చేతితో ఒక్కొక్కటి అతుకవలసిన పని దీనితో పోయినది. 1954లో వచ్చిన రీజెన్సీ టి.ఆర్.-1 అను జేబు ట్రాన్సిస్టరు రేడియోలో ముద్రిత ఫలకమే ఉన్నది.

ఐస్లర్‌కు దక్కినది స్వల్పము. 1963లో అమెరికాలో న్యాయస్థానము ఆతని ముఖ్యమైన పేటెంట్లు చెల్లవని తీర్పు చెప్పినది. ఆతడు 1992లో మరణించినాడు.

దాటలేని రేఖలు

మూడు ఇండ్లు, మూడు సరఫరాలు అను చిక్కు ప్రశ్న చాలమందికి తెలిసియుండును. మూడు ఇండ్లలో ప్రతిదానికి నీరు, గ్యాసు, విద్యుత్తు వేరువేరు గొట్టములతో అందవలెను. ఏ గొట్టమును మరియొకదానిని దాటరాదు. కాగితముపై ఎంతసేపు గీచినను తొమ్మిదవ గీత దారిలేక నిలిచిపోవును. అది మన అసమర్థత కాదు. చదునైన తలముపై అది అసాధ్యము. ఇట్టి అసాధ్యములన్నింటికిని మూలము రెండే రెండు ఆకృతులని 1930లో పోలిష్ గణితవేత్త కురటోవ్‌స్కీ నిరూపించినాడు. వానిలో ఒకటి ఈ మూడిండ్ల చిత్రమే.

తీగలతో ఈ బాధ లేదు. పలకపై రాగి రేఖకు తొడుగు లేదు, దాటినచో తాకును. తొలి ఫలకములలో దాటవలసినచోట ఒక తీగముక్కను వంతెనగా వేసెడివారు. తరువాత పలకకు రెండు ముఖములపైనను రేఖలు వేసి, రంధ్రముల లోపలి గోడలకు రాగి పూత పూసి కలుపు పద్ధతి 1960 ప్రాంతములో స్థిరపడినది. హాన్సన్ ఊహ ఫలించుటకు సుమారు అరువది ఏండ్లు పట్టినది.

నిలువు, అడ్డము నియమమునకు కారణమిదే. రెండు ముఖములపైన రేఖలు ఇష్టమువచ్చినట్లు పోయినచో కొంతసేపటికి రెండును మూసికొనిపోవును. ఒక ముఖము తూర్పు పడమరలకు, రెండవది ఉత్తర దక్షిణములకు కేటాయించినచో ఏ రేఖయైనను మలుపు వద్ద రంధ్రములో దూకి రెండవ ముఖమునకు చేరి ముందుకు సాగగలదు.

టేపు, కత్తి, కెమెరా

1960, 70లలో ఈ రేఖలను కంప్యూటరుపై గీయలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ పొరపై నల్లని టేపును అంటించెడివారు. కొలత నిజ పరిమాణమునకు రెండింతలు గాని, నాలుగింతలు గాని ఉండెడిది. పిదప కెమెరాతో తగ్గించెడివారు. నాలుగింతల చిత్రములో 1 మిల్లీమీటరు పొరపాటు ఫలకముపై పావు మిల్లీమీటరే అగును. కొందరు ఒక ముఖమునకు ఎర్ర టేపు, రెండవ ముఖమునకు నీలి టేపు వాడి, రంగు గాజుల ద్వారా ఫోటో తీసి రెండింటిని వేరుచేసెడివారు.

అతికించిన టేపును పీకి మరల వేయుట కష్టము. అందుచేత అనుభవజ్ఞులు టేపు ముట్టకముందే విడిభాగముల ఆకారములను అట్టముక్కలుగా కత్తిరించి, అటునిటు జరిపి చూచెడివారు. ముందు అమరిక, తరువాత రేఖలు అను నియమమునకు ఈ చేతిపని బలము చేకూర్చినది. టేపు పోయినను ఈ నియమము పోలేదు. భాగముల అమరిక బాగున్నచో రేఖలు పొట్టివగును, దాటుటలు తగ్గును.

రేఖ అనగా గీత మాత్రము కాదు

కాగితముపై గీతకు నిరోధము లేదు. రాగి రేఖకు ఉన్నది. చదరపు అడుగునకు 1 ఔన్సు రాగి ఉన్న రేకు మందము సుమారు 0.035 మిల్లీమీటరు. దానిలో ఏ చదరమును తీసికొన్నను, అది చిన్నదైనను పెద్దదైనను, ఒక అంచు నుండి ఎదుటి అంచునకు నిరోధము సుమారు అర మిల్లీ ఓము. 1 మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు గల రేఖలో ఇట్టి చదరములు 100. కనుక నిరోధము 0.05 ఓము. 2 ఆంపియర్ల ప్రవాహము పోయినచో 0.1 వోల్టు దారిలోనే పోవును. వెడల్పును రెట్టింపు చేసినచో నష్టము సగమగును. సరఫరా రేఖలు వెడల్పుగా ఉండవలెననుటకు కారణము ఇంతే.

1960ల నడుమ టి.టి.ఎల్. చిప్పులు వచ్చినపుడు ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు కనబడినది. ఇవి కొన్ని నానోసెకనులలో స్థితి మార్చును. మారునపుడు సరఫరానుండి ఒక్కసారి ప్రవాహమును లాగును. రేఖకు నిరోధముతోపాటు ప్రేరకత్వము కూడ కలదు. సన్నని రేఖకు సెంటీమీటరునకు సుమారు 10 నానోహెన్రీలని అంచనా వేయవచ్చును. సరఫరా 5 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో పోను రాను 10 సెంటీమీటర్లు, అనగా 100 నానోహెన్రీలు. 5 నానోసెకనులలో 20 మిల్లీ ఆంపియర్ల మార్పు వచ్చినచో, ప్రేరకత్వమును ప్రవాహపు మార్పు వేగముతో గుణించగా 0.4 వోల్టు వచ్చును. ఆ చిప్పులు తప్పు చేయకుండ ఓర్చుకొనగల అలజడి కూడ 0.4 వోల్టే! వలయచిత్రములో ఏ దోషమును లేకున్నను యంత్రము అప్పుడప్పుడు తప్పు లెక్క చెప్పును.

నివారణ మన ఇండ్లలోనే ఉన్నది. చెరువు దూరమైనచో వంటింట బిందెతో నీరు నిలువ ఉంచుకొందుము. అట్లే చిప్పు ప్రక్కనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు ఉంచినచో, అవసరమైన క్షణమున విద్యుదావేశము అచ్చటినుండియే అందును. పోను రాను దారి 2 సెంటీమీటర్లైనచో అలజడి 0.08 వోల్టునకు తగ్గును. కెపాసిటరును దూరముగా పెట్టినచో ఆ ప్రయోజనము చాలవరకు పోవును. ప్రవాహము తిరిగి వచ్చు దారిని కూడ పోవు దారికి దగ్గరగా ఉంచవలెను. అందుకే నేటి ఫలకములలో ఒక పొరను పూర్తిగా భూతలముగా, అనగా రాగి పరుపుగా, విడిచిపెట్టుదురు.

దారి వెదకు లెక్క

1961లో బెల్ ప్రయోగశాలకు చెందిన సి.వై. లీ రేఖకు దారి వెదకు పద్ధతినొకదానిని ప్రచురించినాడు. దీనిని తరగతిలో గళ్ల కాగితముపై చేయవచ్చును. బయలుదేరు గడిలో 0 వ్రాయుడు. దానికి అంచులు తగులు ఖాళీ గడులలో 1, వానికి అంచులు తగులు ఖాళీ గడులలో 2, ఇట్లు చెరువులో రాయి వేసినపుడు అల వ్యాపించినట్లు సంఖ్యలు వ్యాపించును. అడ్డుగా ఉన్న రేఖల గడులను వదలవలెను. గమ్యము చేరిన పిమ్మట సంఖ్యలు ఒక్కొక్కటి తగ్గు దారిన వెనుకకు రండు. దారి ఉన్నచో ఈ పద్ధతి దానిని తప్పక కనుగొనును. అది గడుల లెక్కలో అతి పొట్టి దారి అగును. కాని ఒక రేఖకు పొట్టిదైన దారి తరువాతి రేఖకు అడ్డుగోడ కావచ్చును. ఏ రేఖను ముందు వేయవలెనన్నది నేటికిని ఆలోచించవలసిన విషయమే.

ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడైన జాన్ పియర్ షరాస్ 1992లో ప్రారంభించిన కీకాడ్ అను ప్రోగ్రాము నేడు ఉచితముగా లభించుచున్నది. రేఖల మధ్య ఎడము తగ్గినచో అది హెచ్చరించును. కాని కెపాసిటరు చిప్పుకు దగ్గరగా ఎందుకుండవలెనో అది చెప్పదు. విద్యార్థులు ముందు మూడు నిరోధకములు, ఒక ట్రాన్సిస్టరు గల చిన్న వలయమును గళ్ల కాగితముపై వంతెన లేకుండ గీచి చూడవలెను. ఏ రేఖవద్ద దారి మూసికొన్నదో, దానికొరకు ఏ భాగమును జరుపవలసి వచ్చినదో ప్రక్కన వ్రాసికొన్నచో, ఐదారు ప్రయత్నములలో పై నియమములు చాలవరకు వారి చేతికే వచ్చును.