ఎర్రకొండ మీద ఏమి జరిగింది?

లేని దేశానికి చరిత్ర ఏమిటని మిత్రులు అడుగవచ్చు. దేశం కల్పితమే, అయితే దాని గతాన్ని తేల్చడానికి పాఠకులు పడిన శ్రమ మాత్రం కల్పితం కాదు. శాసనాలూ తాళపత్రాలూ పరిశీలించేవారు వాడే పనిముట్లనే వారూ వాడారు. అందుచేత దీనిని చరిత్రవ్యాసంగానే వ్రాస్తున్నాను.

అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 1994లో మొదలుపెట్టిన "ది ఎల్డర్ స్క్రోల్స్" అనే కంప్యూటరు ఆటల వరుసలో మూడవ ప్రధానమైన ఆట "మారోవిండ్". ఇది 2002లో వెలువడింది. కత్తియుద్ధాలూ మంత్రాలూ ఇతర ఆటలలోనూ ఉన్నాయి. దీని ప్రత్యేకత అందులోని పుస్తకాలు. ఆటగాడు తిరిగే ఇళ్ళలోనూ గుళ్ళలోనూ సమాధులలోనూ చిన్నచిన్న గ్రంథాలు వందలకొద్దీ దొరుకుతాయి. ప్రతిదానికీ ఒక కర్త ఉంటాడు, అతనికొక పక్షం ఉంటుంది. ఆట ఎక్కడా "ఇదీ నిజం" అని తీర్పు చెప్పదు. ఆ పని చదివేవారికి వదిలిపెట్టింది.

వివాదమంతా ఎర్రకొండ యుద్ధాన్ని గూర్చినది. ఆటలోని కాలగణన ప్రకారం అది మొదటి యుగం 700వ సంవత్సరం నాటిది. ఆట జరిగే నాటికి మూడువేల అయిదువందల ఏళ్ళు దాటాయి. ఆ కొండ కింద లోర్ఖాన్ అనే మృతదేవుని గుండె ఉన్నది. డ్వెమర్ అనే యంత్రవిద్యాప్రవీణుల జాతి దానిని కనుగొన్నది. వారి శిల్పాచార్యుడు కాగ్రెనాక్ ఆ గుండె శక్తిని మలచడానికి మూడు పనిముట్లు చేశాడు. వారికీ, నెరవార్ అనే నాయకుని కింద ఉన్న చైమర్ జాతికీ యుద్ధం జరిగింది. యుద్ధం ముగిసేసరికి డ్వెమర్లు ఒక్కసారిగా మాయమయ్యారు. నెరవార్ మరణించాడు. అతని ఆంతరంగికులు ముగ్గురు, అల్మలెక్సియా, సోథా సిల్, వివెక్, కాలక్రమాన దేవతలయ్యారు. ఇంతవరకు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. నెరవార్ ఎట్లు మరణించాడన్నదీ, డ్వెమర్లు ఏమైనారన్నదీ తేలలేదు.

మొదటి సాక్ష్యం వివెక్‌ది. ఈ పేరు వినగానే మన చెవికి "వివేకం" స్ఫురిస్తుంది గానీ, ఆ పోలికను పట్టుకొని నేను వ్యుత్పత్తి చెప్పబోను. ఆయన కథనం ఇది: కాగ్రెనాక్ పనిముట్లను గుండెపై ప్రయోగించగానే డ్వెమర్లు అదృశ్యులయ్యారు. ఆ పనిముట్లను ఎన్నడూ వాడబోమని నెరవార్ తన ముగ్గురు మిత్రులచేత ప్రమాణం చేయించి, యుద్ధంలో తగిలిన గాయాలతో కన్నుమూశాడు. తరువాత వారు ప్రమాణం తప్పి దైవత్వం పొందారు. అజూరా దేవత శపించగా చైమర్ల బంగారువన్నె పోయి బూడిదరంగు వచ్చింది, కళ్ళు ఎర్రబడ్డాయి. ప్రమాణభంగాన్ని ఒప్పుకుంటున్నాడు గాని హత్యను కాదు.

రెండవది బూడిదనేలల సంచారజాతులది. నెరవార్ డాలు మోసిన అలాండ్రో సుల్ చెప్పగా వారిలో తరతరాలుగా నిలిచిన కథ ఇది. దీని ప్రకారం ఆ ముగ్గురే నాయకుణ్ణి చంపారు: అల్మలెక్సియా విషపు కొవ్వొత్తులతో, సోథా సిల్ విషపు వస్త్రాలతో, వివెక్ విషపు మంత్రాలతో. ఈ మాట పలికినవారిని ఆలయాధికారులు వేటాడారు. నిషిద్ధగ్రంథాలతో పట్టుబడినవారికి వివెక్ నగరంపై గాలిలో నిలిచిన రాతిగోళంలో చెర సిద్ధంగా ఉండేది. ఆ చెరసాల పేరు సత్యమంత్రిత్వశాఖ! అసమ్మతి పూజారులు కొందరు మారుమూల మఠంలో దాగి ఈ కథను వ్రాతలో భద్రపరచారు.

మూడవది ఉత్తరాది నార్డుల పాట. వారి లెక్కలో అది తమ రాజు వుల్ఫ్‌హార్త్ చేసిన యుద్ధం. నెరవార్ మరణం వారికి ముఖ్యం కాదు. తమ దేవుని గుండె ముఖ్యం.

ఇక్కడ అభిమానులు చేసిన మొదటి మంచి పని సాక్ష్యాలను లెక్కపెట్టడం కాక తూచడం. సంచారజాతుల కథ, అసమ్మతి పూజారుల వ్రాత రెండు సాక్ష్యాలుగా కనిపిస్తాయి. కాని రెండవది మొదటిదాని ప్రతి మాత్రమే. ఊరంతా ఒకే మాట చెప్పినా, అందరూ ఒకరి నోటనే విన్నప్పుడు అది ఒక సాక్ష్యమే అవుతుంది.

స్వతంత్రమైన సాక్ష్యం ఊహించని చోట దొరికింది. వివెక్ పేరుతో ఆలయం ప్రచారం చేసిన "ముప్ఫైయారు ఉపదేశాలు" అనే మార్మిక గ్రంథం ఆటలో విడివిడిగా చెల్లాచెదరుగా ఉంటుంది. పైకి అది స్వోత్కర్షతో నిండిన స్తోత్రం. ఇరవైతొమ్మిదవ ఉపదేశంలో ఒకటి నుండి ముప్ఫైయారు వరకు అంశాలతో ఒక పట్టిక, ప్రతిదాని పక్కన ఒక సంఖ్య ఉన్నాయి. ఏ ఉపదేశానికి ఏ సంఖ్య ఉన్నదో ఆ ఉపదేశంలో అన్నవ మాటను ఏరి వరుసగా కూర్చితే వాక్యాలు ఏర్పడతాయి. వాటి సారాంశం: అతడు పుట్టుకతో దేవుడు కాడు, విధి అతనిచేత ఈ పని చేయించలేదు, తన ఇష్టంతోనే దైవత్వాన్ని దొంగిలించి నాయకుణ్ణి హత్య చేశాడు. చివర వ్రాసినవాని పేరు, వివెక్.

మన బంధకవిత్వం ఎరిగినవారికి ఇటువంటి గూఢరచన క్రొత్త కాదు. కాని ఇక్కడిది విద్యాప్రదర్శన కాదు, నేరాంగీకారం. తనకు చేటు తెచ్చే మాటను తానే దాచి చెప్పినవాని సాక్ష్యానికి చరిత్రలో బరువెక్కువ. నా తూకంలో హత్య జరిగినదనే పక్షమే మొగ్గుతున్నది.

దీనికి ఎదురుగా చాలామంది అభిమానులు ముచ్చటపడే సిద్ధాంతం "డ్రాగన్ బ్రేక్", అనగా కాలభంగం. ఈ లోకంలో కాలానికి అధిదేవత డ్రాగన్. ఆ డ్రాగన్ విరిగినపుడు పరస్పరవిరుద్ధమైన సంఘటనలన్నీ ఏకకాలంలో జరుగుతాయట. దేవుని గుండెను తాకినపుడు కాలం విరిగింది కనుక నెరవార్ గాయాలతోనూ మరణించాడు, హత్యకూ గురయ్యాడు అని వీరి వాదం.

ఈ భావం ఎక్కడ అవసరపడిందో చూడాలి. 1996 నాటి "డాగర్‌ఫాల్" ఆటకు పలు ముగింపులు ఉన్నాయి. ఆటగాడు ఎవరికి సాయపడితే వారు గెలుస్తారు. తరువాతి ఆటలకు వాటిలో ఏది నిజమైన చరిత్ర? ఒకదానిని ఎన్నుకుంటే మిగిలినవారి ఆట అబద్ధమవుతుంది. అందుచేత రచయితలు అన్నీ జరిగాయన్నారు. చమత్కారమైన పరిష్కారమే, కాదనను. అయితే అది పుట్టినది కథ కొనసాగించవలసినవారి ఇబ్బందిలోనుంచి. దానిని ఎర్రకొండకు అన్వయించినపుడు జరిగేది వేరు. "రెండూ నిజమే" అన్నమాట ఇద్దరికీ సమానంగా మేలు చేయదు. చంపినవానికి అది విడుదల పత్రం. చెరసాల భయంతో మూడువేల ఏళ్ళపాటు ఒక ఆరోపణను నోటినుండి నోటికి కాపాడుకున్న గుడారాలవారికి మాత్రం మీరు చెప్పినదీ ఒక కథే అన్న ఓదార్పు మిగులుతుంది. గెలిచినవాడు వ్రాసిన చరిత్రను ప్రశ్నించడానికి పుట్టిన ఆటలో, ఆ ప్రశ్ననే కరిగించే సిద్ధాంతం ఇంతగా వ్యాపించడం నాకు బాధ కలిగిస్తుంది.

డ్వెమర్ల విషయంలో ఇంత తేట లేదు. వారు తాము నిర్మిస్తున్న ఇత్తడి దేవునికి చర్మమయ్యారని కొందరు, తాము ఎవరి స్వప్నంలోనివారో గ్రహించి లేకుండా పోయారని కొందరు, వేరే లోకంలో చిక్కుకున్నారని కొందరు అంటారు. ఆ జాతిలో ఆటలో మిగిలినవాడు యాగ్రమ్ బగార్న్ ఒక్కడే. ఆ క్షణాన బయటిలోకంలో ఉండి బ్రతికిపోయాడు. రోగంతో ఉబ్బిన శరీరాన్ని ఒక మాంత్రికుని నేలమాళిగలో ఈడుస్తున్నాడు. అతడు చూడలేదు కనుక చెప్పలేడు. 2011 నాటి "స్కైరిమ్"లో ఆర్నియెల్ గేన్ అనే పండితుడు కాగ్రెనాక్ పనిముట్లలో ఒకదానితో ఆ ప్రయోగాన్ని తిరిగి చేయబోయి మన కళ్ళెదుటే మాయమవుతాడు. ఛాయ మాత్రం పిలిస్తే వస్తుంది గాని నోరు విప్పి చెప్పదు. ఫలితం రుజువైంది, కారణం కాలేదు.

మనవారు ప్రత్యేకించి పట్టించుకోవలసిన మాట ఒకటున్నది. స్కైరిమ్‌లో పార్థుర్నాక్స్ అనే వృద్ధ డ్రాగన్, ఈ లోకం రాబోయే "కల్పా"నికి అండం కావచ్చునంటాడు. మాట మనదే, సంకల్పంలో శ్వేతవరాహకల్పమని వింటూ పెరిగినదే. దీనిపై అభిమానులు లోకాల పరంపర సిద్ధాంతం కట్టారు. కాని మన కల్పానికి బ్రహ్మకు ఒక పగలని, 432 కోట్ల ఏళ్ళని కొలత ఉన్నది. అక్కడ ఆల్డుయిన్ అనే డ్రాగన్ లోకాన్ని మింగితే మరొకటి పుడుతుంది, కొలత లేదు. పేరు ఒకటైనంత మాత్రాన పురాణం ఒకటి కాదు. ఈ తేడా చెప్పగలవారము మనమే కనుక చెప్పవలసిన బాధ్యతా మనదే.

చివరిది ప్రామాణ్య సమస్య. మారోవిండ్ రచయితలలో ముఖ్యుడైన మైకేల్ కర్క్‌బ్రైడ్ ఆ సంస్థ ఉద్యోగం విడిచాక కూడా ఈ లోకాన్ని గూర్చి వ్రాస్తూ వచ్చాడు. ఆ వ్రాతలు మూలమా, వ్యాఖ్యానమా? నేను వాటిని వ్యాఖ్యానంగానే చదువుతాను. వ్యాఖ్యాత ఎంత సమర్థుడైనా మూలంలో లేని సాక్షిని తేలేడు కదా.

నా తీర్పుతో విభేదించే మిత్రులను సాదరంగా ఆహ్వానిస్తున్నాను. ముందుగా ఆ ఇరవైతొమ్మిదవ ఉపదేశాన్ని ముందుంచుకొని, వ్రేళ్ళతో మాటలు లెక్కపెట్టి, ఆ తరువాత వాదానికి రావలసినదిగా మనవి.