పంచనామాకెక్కని విషం: నల్లగొండ, పాలమూరు పత్తి చేల చరిత్ర

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో పురుగుమందు తాగి చనిపోయినవారి ప్రస్తావన వస్తే పెద్దవయసువారు నేటికీ ‘ఎండ్రిన్ తాగిండు’ అనే అంటారు. ఆ మందును 1990లోనే నిషేధించినా, దాని పేరు మాత్రం విషానికి మారుపేరుగా జనం నోట మిగిలిపోయింది. అదే పల్లెల్లో చేనుకు మందు కొడుతూ తల తిరిగి, నోట చొంగ కారుతూ గట్టు మీద కూలబడినవారి గురించి చెప్పేటప్పుడు ‘మందు వాసన తగిలింది’, ‘మందు పట్టింది’ అన్న మాటలతో సరిపెడతారు. మొదటి మాటలో విషం ఉంది, నేరం ఉంది, పోలీసు ఉన్నాడు. రెండో మాటలో మిగిలింది వాసన ఒక్కటే. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఈ ప్రాంతంలో పని విషానికి, అంటే కూలి పనిలోనో సేద్యపు పనిలోనో ఒంటికెక్కే విషానికి, రాతపూర్వక చరిత్ర లేకుండా చేసింది.

నల్లగొండ పేరు చెప్పగానే దేశానికి గుర్తొచ్చే విషం ఫ్లోరైడ్. నీటి నుంచి దాన్ని తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. భూమి లోపలి నుంచి వచ్చిన విషానికి జిల్లా పేరు దక్కింది గాని, డబ్బాలో వచ్చి చేనుకు చేరిన విషానికి అలాంటి గుర్తింపేదీ దక్కలేదు. ఎర్ర చల్కలు, రాళ్ల నేలలు, నమ్మలేని వానలు గల ఈ మెట్ట ప్రాంతం ఒకప్పుడు జొన్నకు, ఆముదానికి పేరుపొందింది. ఆముదానికి చీడలు లేకపోలేదు గాని, వారం వారం పంపు భుజానికెత్తుకోవలసిన పంట అది కాదు. పత్తి విస్తరించిన కొద్దీ దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట వైపు చల్కల్లోకి కూడా మందు పంపులు వచ్చాయి. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతినిచ్చిన తరువాత కాయతొలుచు పురుగుపై చల్లే మందు కొంత తగ్గిన మాట నిజమే. అయితే పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక వంటి రసం పీల్చే పురుగులను బీటీ గుణం ఏమీ చేయలేదు కనుక, ఆ తరువాత గులాబీరంగు పురుగు కూడా తట్టుకుని నిలబడింది కనుక పంపు కింద పెట్టే రోజు రాలేదు.

ఈ పనిని దగ్గరగా చూస్తే తప్ప విషం దారి అర్థం కాదు. వీపున మోసే పంపులో సుమారు 16 లీటర్ల నీళ్లు పడతాయి; ఎకరం తడవాలంటే పది పన్నెండు పంపులు కొట్టాలి. ఆగస్టు నెలాఖరుకు నడుము దాకా వచ్చే పత్తి సెప్టెంబరులో ఛాతీని తాకుతుంది. సాలు మధ్య నడిచే మనిషి తాను అప్పుడే తడిపిన ఆకులనే తొడలతో, పొట్టతో రాసుకుంటూ ముందుకు పోతాడు. మూత సరిగా బిగియకపోతే మందునీరు వీపు మీదికి కారుతుంది. నాజిల్‌లో నలుసు అడ్డుపడితే దాన్ని నోటితో ఊదేవారూ ఉన్నారు. సాధారణంగా మందు కొట్టేది మగవారే. దూరం నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చేవారు, బకెట్టులో మందు కలిపేవారు, పంపు నింపేవారు ఎక్కువగా ఆడవారు. నీళ్లు కలపకముందే గాఢమైన మందును తాకే చేతులు వారివే.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 3 గ్రామాల్లో పత్తి పండించే కుటుంబాలపై ఫ్రాన్సెస్కా మన్చీని తదితరులు చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని అంకెల్లో చెప్పింది. 50 మంది స్త్రీలు తమ గురించి, తమ ఇంటి మగవారి గురించి నమోదు చేసిన 323 సందర్భాల్లో 83.6 శాతం సందర్భాలలో స్వల్పం నుంచి తీవ్రం దాకా విషప్రభావ లక్షణాలు కనిపించాయి. వారిలో ఒక్కరూ ఆసుపత్రికి వెళ్లలేదు. ఆసుపత్రికి పోని విషం పోలీసు స్టేషనుకూ పోదు.

చేలలో ఎక్కువగా వాడిన మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు ముఖ్యమైనవి. ఇవి భాస్వరం ఆధారంగా తయారయ్యే రసాయనాలు. ‘మోనో’ అని రైతులు పిలిచే మోనోక్రోటోఫాస్ ఈ జాతిదే. నరం నుంచి కండరానికి సందేశం చేరవేసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని, పని ముగిశాక విరగ్గొట్టే కోలినెస్టరేస్ అనే ఎంజైమును ఇవి కట్టిపడేస్తాయి. దాంతో కంటిపాప సూదిమొనలా ముడుచుకుపోతుంది, చెమట, చొంగ ఆగకుండా కారతాయి, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి తీసే కండరాలు చేతులెత్తేస్తాయి. విరుగుడుగా అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ సూదులు ఇస్తారు. ఈ రసాయనాలు నోటి ద్వారానే పోవాలన్న నియమం లేదు. చెమటతో తడిసిన చర్మం గుండా కూడా చక్కగా లోపలికి పోతాయి. అందుచేత తాగినవాడికీ తడిసినవాడికీ లక్షణాలు ఒకటే, ఆసుపత్రిలో మంచమూ ఒకటే. తేడా తెలియాల్సింది విచారణలోనే.

ఆ విచారణ ఎలా మొదలవుతుందో చూడాలి. విషం కేసు ఏదైనా ఆసుపత్రికి వస్తే దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపవలసిన కేసుగా రాసుకుంటారు. మనిషి మరణిస్తే నేర విచారణ స్మృతి 174వ సెక్షన్ కింద, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద, పోలీసు అధికారి స్థలానికి వెళ్లి పెద్దమనుషుల సమక్షంలో శవపంచనామా రాస్తారు. ఆత్మహత్య, మరొకరి చేతిలో మరణం, జంతువు వల్ల మరణం, యంత్రం వల్ల మరణం, ప్రమాదం, అనుమానాస్పద పరిస్థితి అని ఆ సెక్షన్ మరణాలను విడదీస్తుంది. మరలో చెయ్యి పడి చనిపోయిన కూలికి అక్కడ విడిగా ఒక మాట ఉంది. మందు కొట్టి చనిపోయిన కూలికి లేదు, అతడు ‘ప్రమాదం’లో ఇమడాలి. తరువాత జీర్ణకోశం, కాలేయం, మూత్రపిండం భాగాలను సీసాల్లో పెట్టి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. ఆ ప్రయోగశాల ఏ విషమో చెప్పగలదు. అది ఏ దారిన ఒంట్లోకి పోయిందో తేల్చాలంటే చొక్కా, పంపు, చేను, ఆనాటి కూలి ఒప్పందం గురించి అడిగినవాడు ఉండాలి.

అడగకపోవడానికి పోలీసుల నిర్లక్ష్యాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపడం న్యాయం కాదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరిన 8,040 మందిపై జరిగిన పరిశీలనలో 22.6 శాతం మంది మరణించినట్టు తేలింది. 2002లో చేరినవారిని విడిగా చూస్తే నూటికి 96 మంది కావాలని తీసుకున్నవారే. ఇన్ని ఆత్మహత్యల మధ్య పనిచేసే ఎస్సైకి ‘తాగాడా’ అన్న ప్రశ్నే మొదట తట్టడంలో వింత లేదు. పైగా 2004లో వచ్చిన 421వ నంబరు జీవో రైతు ఆత్మహత్యకు పరిహారం ప్రకటించి, రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో విచారణ జరిపించే ఏర్పాటు చేసింది. ఆ కమిటీ ముందు అప్పు పత్రాలకు, పట్టాదారు పాసుపుస్తకానికి విలువ ఉంది. మందు కొడుతూ పడిపోయిన కౌలుదారుకు, కూలికి అందులో చోటు లేదు. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా మరణ కారణంతో నిమిత్తం లేకుండా 5 లక్షలు ఇస్తున్నా, భూమి తన పేర ఉన్న రైతుకే అది వర్తిస్తుంది. రోజు కూలికి పంపు మోసేవాడు అక్కడా బయటివాడే.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, అంటే గద్వాల, అయిజ ప్రాంతంలో, ఈ బయటివారి సంఖ్య మరీ ఎక్కువ. అక్కడ పండేది సీడు పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను చేత్తో విప్పి పుప్పొడి భాగం తీసేయడం, మరునాడు పొద్దున మగ పువ్వుతో రుద్దడం ఈ పంటలో ప్రధానమైన పని. దీన్ని ‘క్రాసింగ్’ అంటారు. కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే దళారిని ఇక్కడ ‘ఆర్గనైజర్’ అంటారు. ఈ పనిలో బాలికలను పెద్దసంఖ్యలో వాడుకున్న తీరును దావులూరి వెంకటేశ్వర్లు పరిశోధనలు 2000 దశకం మొదట్లోనే బయటపెట్టాయి. మందు కొట్టిన మొక్కల మధ్య నెలల తరబడి రోజంతా వంగి నిలబడే ఆ పిల్లలకు తలనొప్పి, వాంతులు వస్తే అది ఎండదెబ్బ కింద జమ అయిపోవడానికి పెద్ద అవకాశమే ఉంది.

చట్టం మాత్రం ఈ విషయంలో మూగది కాదు. 1958లో ఓడలో ఆహార పదార్థాల పక్కనే వచ్చిన పారథియాన్ అనే పురుగుమందు వాటిలో కలిసి కేరళలో వందమందికి పైగా చనిపోయారు; ఆ ఘటనపై ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది, ఆ ఆలోచనల కొనసాగింపుగానే 1968లో కీటకనాశినుల చట్టం వచ్చింది. ఆ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందు వాడకంలో గాని దాన్ని పట్టుకుని పనిచేయడంలో గాని జరిగిన ప్రతి విషప్రభావాన్నీ ఫలానా అధికారికి తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆదేశించవచ్చు. 1971 నాటి నియమాలు రక్షణ దుస్తులు, ముక్కుతొడుగు, విరుగుడు మందులు, శిక్షణ గురించి వివరంగా చెబుతాయి. సెప్టెంబరు ఎండలో రబ్బరు కోటు తొడుక్కుని పత్తి సాళ్లలో నడవమన్న ఆ నియమాన్ని రాసినవారు ఒక్కరోజు పంపు మోసి ఉంటే వేరే విధంగా రాసేవారేమో. ఇక 1923 నాటి కార్మిక పరిహార చట్టం (2025లో సామాజిక భద్రత స్మృతిలో కలిసింది) షెడ్యూళ్లలో మందు చల్లే వ్యవసాయ కూలీని, ఆర్గానోఫాస్ఫేట్ల విషాన్ని రెండింటినీ చేర్చారు. అంటే పని వల్లనే విషం ఎక్కిందని కాగితం మీద రుజువైతే యజమాని నుంచి పరిహారం అడిగే హక్కు కూలికి ఉంది. ఆ రుజువు పుట్టాల్సిన మొదటి చోటు ఆసుపత్రి చీటీ, రెండోది పోలీసు పంచనామా.

అలాంటి రుజువు పుట్టిన సందర్భం తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉంది. ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017 వానాకాలంలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోగా, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో కోలినెస్టరేస్ ఎంత ఉందో చూసే పరీక్ష ఆ జిల్లా ఆసుపత్రిలో లేని సంగతి అప్పుడే బయటపడింది. మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. పోలీసులు బాధితుల వాంగ్మూలాలు తీసుకుని, ఎవరు ఏ మందు వాడారో రాసిపెట్టారు. ఆ కాగితాల్లో ఒక స్విస్ కంపెనీ మందు పేరుతో 96 కేసులున్నట్టు 2020లో స్వచ్ఛంద సంస్థలు వెల్లడించాయి. బాధితుల తరఫున స్విట్జర్లాండ్‌లో ఫిర్యాదు, దావాలు దాఖలయ్యాయి. కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది పక్కన పెడితే, ఒక జిల్లా పోలీసు స్టేషన్లలో రాసిన వరుసలు సముద్రాలు దాటి కోర్టు గుమ్మం తొక్కాయన్నది చరిత్రకారుడు గుర్తుంచుకోవలసిన సంగతి.

నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో, మహబూబ్‌నగర్‌ది 2016లో మొదలయ్యాయి కనుక చికిత్సకు హైదరాబాద్ దాకా పరుగెత్తే అవసరం మునుపటికన్నా తగ్గింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపివేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా లేబులు మీద తీవ్ర విషానికి గుర్తుగా ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం గల మందులు ఇంకా దుకాణాల అరల్లో ఉన్నాయి, పత్తి ప్రతి ఏడూ ఛాతీ దాకా పెరుగుతూనే ఉంది. చేనులో ఎవరైనా పడిపోతే ముందుగా తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాను లేబులుతో సహా వెంట తీసుకుని ఆసుపత్రికి పోవాలి. ఆ చొక్కాను ఉతకకుండా కవరులో కట్టి ఎస్సైకి అప్పగించి, మందు కొడుతుండగా జరిగిందన్న మాటను తెలుగులోనే, పంచనామాలోనే రాయమని ఆ ఇంటివారు, ఊరివారు అడగాలి.