గోల్డ్‌స్పాట్ గుర్తుంది... మరి ఆ రెండో గ్లాసు?

(పేట చరిత్ర – 14వ భాగం)



డాల్డా డబ్బా, బినాకా పేస్టు, మర్ఫీ రేడియో, హెచ్‌ఎంటీ వాచీ, గోల్డ్‌స్పాట్ సీసా. ఈ పేర్లు ఎత్తితే చాలు, మా కోటబొమ్మాళిలో యాభై దాటినోళ్ల మొహాలు వెలిగిపోతాయి. "ఆ రోజులే వేరు" అంటారు. నిజమే, వేరు. కానీ ఊరికి ఒకలా వేరు, పేటకి ఇంకోలా వేరు. ఇవాళ ఆ రెండో సంగతి రాస్తాను.

డాల్డా 1937లో మార్కెట్లోకి వచ్చింది. ఊళ్లో డాల్డా అంటే పండగ పిండివంట. పేటలో డాల్డా అంటే ఖాళీ డబ్బా. మా నానమ్మ కూలికెళ్లిన ఇంట్లో అడిగి తెచ్చుకుని అందులో చోడిపిండి పోసుకునేది. లోపలున్న సరుకు రుచి మాకు తెలీదు గానీ, డబ్బా మీది చెట్టు బొమ్మ మాత్రం ఇప్పటికీ గీసి చూపించగలను.

హెచ్‌ఎంటీ వాచీలు 1961లో బెంగళూరులో మొదలయ్యాయి, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో. మా పేటలోకి మొదటి వాచీ మా చిన్నాన్న చేతికి వచ్చింది. రిజర్వేషన్‌లో టీచరు ఉద్యోగం దొరికాక, మొదటి జీతాల్లోంచి కొనుక్కున్నాడు. పేటంతా వచ్చి చెవి ఆనించి టిక్కు టిక్కు విన్నారు. ఊళ్లోవాళ్లకి అది వాచీ. మాకది అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం చేసిన చప్పుడు.

ఇక గోల్డ్‌స్పాట్. 1977లో కోకాకోలా దేశం వదిలి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పార్లే వాళ్ల గోల్డ్‌స్పాట్, లిమ్కా, థమ్సప్‌లదే రాజ్యం. కొత్తమ్మ తల్లి జాతరకి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్తే, నా కళ్లు ఆ నారింజ రంగు సీసా మీదే ఉండేవి.

అప్పట్లో మేం టీ తాగే హోటల్లో రెండు రకాల గ్లాసులు. ఊరివాళ్లవి బల్ల మీద, మావి చూరులో. మా గ్లాసు మేమే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్లీ చూరులో దోపాలి. టీతో వాళ్లకి చిక్కు లేదు. చిక్కంతా కూల్‌డ్రింకుతోనే వచ్చింది.

ఎందుకంటే ఆ సీసా దుకాణంవాడిది కాదు, కంపెనీది. తాగిన సీసా పెట్టెలో పడాలి, పెట్టె ఫ్యాక్టరీకి పోవాలి, అక్కడ కడిగి నింపితే మళ్లీ ఏదో ఊరికి వస్తుంది. నిన్న ఎవరి నోరు తగిలిందో ఇవాళ తాగేవాడికి తెలీదు. సీసా మీద కులం రాయడం కుదరదు. అందుకని దుకాణంవాడు మాకు సీసా ఇచ్చేవాడు కాదు. మూత తీసి మా చూరు గ్లాసులో వంపేవాడు. ధర మాత్రం అందరికీ ఒకటే. నేను సీసా కోసం చెయ్యి చాపితే నాన్న మెల్లగా అనేవాడు: "సీసా అడక్కురా గుంటడా."

ఇది చట్టం లేని కాలం కాదు. అస్పృశ్యతా నేరాల చట్టం 1955లోనే వచ్చింది. హోటళ్లలో పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని అందులో విడిగా రాసి ఉంది. 1976లో దాన్నే గట్టిపరిచి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. చట్టం ఢిల్లీలో ఉంది, గ్లాసు చూరులో ఉంది. చాలా ఏళ్ల తర్వాత, మన జిల్లా బిడ్డ జస్టిస్ కె. పున్నయ్య కమిషన్ రాష్ట్రమంతా తిరిగినప్పుడు కూడా రెండు గ్లాసుల సంగతి నివేదికకి ఎక్కింది.

అమెరికాలోనూ ఇలాంటి తలపోతలున్నాయి. అక్కడి పాతతరం తెల్లవాళ్లు ఊల్‌వర్త్ దుకాణాన్ని, అందులోని భోజనం కౌంటరునీ ప్రేమగా తలుచుకుంటారు. అదే కౌంటరు దగ్గర 1960 ఫిబ్రవరి 1న, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో, నలుగురు నల్ల విద్యార్థులు కూర్చున్నారు. అంతకుముందే అదే దుకాణంలో టూత్‌పేస్టు కొన్నారు. డబ్బులు తీసుకున్నారు గానీ కాఫీ మాత్రం పోయలేదు. వాళ్లు లేవలేదు. రోజూ మరింతమంది వచ్చి కూర్చున్నారు. ఆ జులైలో కౌంటరు అందరికీ తెరుచుకుంది. ఊల్‌వర్త్ దుకాణాలు 1997లో అక్కడ మూతపడ్డాయి. కానీ ఆ కౌంటరులో ఒక ముక్క వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. పిల్లలు వెళ్లి చూస్తారు.

మరి మన చూరు గ్లాసు ఏ మ్యూజియంలో ఉంది?

గోల్డ్‌స్పాట్‌ని 1993లో కోకాకోలా కొనేసింది, తర్వాత అది కనుమరుగైంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. చూరు గ్లాసు కూడా పోయింది. కానీ ఎవరో మనసు మార్చుకుని తీసేస్తే పోలేదు. ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది, తాగి పారేస్తే కడిగే పని లేదు, ఎవరి నోరు తగిలిందన్న గొడవా లేదు. గ్లాసు మారింది. గ్లాసు వెనక ఉన్న లెక్క మారిందో లేదో, అద్దె ఇల్లు వెతుక్కునే మన పిల్లల్ని అడగండి.

పాత సామాన్లను తలుచుకోవద్దని నేను అనను. ఆ నారింజ రంగు నాకూ ఇష్టమే. ఒక్కటే అడుగుతున్నాను. ఊరి జ్ఞాపకం రాసేటప్పుడు బల్ల మీది గ్లాసుతో పాటు చూరులోది కూడా రాయండి. మన పేటల్లో దాన్ని చేత్తో పట్టుకుని తాగినవాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు. అమ్మనో తాతనో కూర్చోబెట్టి అడగండి. ఏ హోటలు, ఎంత ధర, ఎవరు ఎదురు తిరిగారు, ఏ రోజు నుంచి ఆగింది, అన్నీ ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. వాళ్లు పోయాక, ఆ గ్లాసు అసలు లేనే లేదనే వాళ్లు వస్తారు.

(వచ్చే భాగం: సంతలో మన చోటు)