రామదాసు కీర్తన: లక్కపలక నుండి అంకెల దాకా

17వ శతాబ్దమున ఖమ్మం సీమలోని నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా పనిచేసి, భద్రాచల రామునిపై కీర్తనలు రచించెను. ఆయన కంఠము ఎట్లుండెడిదో నేడు చెప్పగలవారు లేరు. శబ్దమును పట్టి నిలుపు సాధనము ఆ కాలమున లేదు. కీర్తనలు మాత్రము భజనపరుల నోట తరతరములుగా నడచి వచ్చినవి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును, 1887లో బెర్లినర్ పలకపై నడచు గ్రామఫోనును రూపొందించిన పిమ్మటనే పాటతోపాటు పాడినవాని గొంతు కూడ నిలుచుటకు వీలు కలిగెను.

అట్లు నిలిచిన గొంతు వినైల్ పలకపై నిజమునకు దగ్గరగా నుండునా, లేక డిజిటల్ ముద్రణలోనా? సంగీతప్రియుల ఇండ్లలో ఈ వాదము నేటికిని తెగలేదు. రెంటి చరిత్రను, పనిచేయు తీరును పరిశీలించిన గాని సమాధానము దొరకదు.

మన దేశమున గ్రామఫోను ముద్రణ 1902లో కలకత్తాలో మొదలయ్యెను. గౌహర్ జాన్ ఆనాడు పాడిన ప్రసిద్ధ గాయని. అప్పటి పలకలు లక్కలో మెత్తని రాతిపొడి కలిపి చేసినవి. లక్కపురుగు మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై పెరుగును. ఫాల్గుణమున భద్రాచలము అడవులను ఎఱుపెక్కించు మోదుగయే ఇది. అయితే లక్క విస్తారముగా లభించునది ఛోటానాగపూరు ప్రాంతమున. గ్రామఫోనుకు తాళముచెవి త్రిప్పిన చాలును, కరెంటు అక్కరలేదు. అందుచే విద్యుత్తు చేరని పల్లెలలో సైతము అది పాడగలిగెను.

ఈ పలక నిమిషమునకు 78 మారులు తిరుగును. పది అంగుళముల పలకకు ఒక్కొక్క వైపున సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టును. పెక్కు చరణములున్న రామదాసు కీర్తన అందులో ఇమడదు. గాయకుడు కొన్ని చరణములు విడువవలెను, లేదా కాలము పెంచి పాడవలెను. రాతిపొడి వలన సూది క్రింద ఎడతెగని రొద కూడ పుట్టును.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్ అను ప్లాస్టిక్‌తో లాంగ్‌ప్లే పలకను విడుదల చేసెను. అది నిమిషమునకు 33⅓ మారులు తిరుగును, ఒక వైపున 20 నిమిషములకు పైగా పాడును. రొద చాల తగ్గెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు ఇట్టి పలకలపై ఇంటింటికి చేరినవి. కీర్తనకు తీరిక దొరికెను.

వినైల్‌కును హద్దులు కలవు. పలక ఒక చుట్టు తిరుగుటకు 1.8 సెకండ్లు పట్టును. వెలుపలి గాడి వ్యాసము సుమారు 29 సెంటీమీటర్లు గనుక సూది క్రింద గాడి సెకండుకు 51 సెంటీమీటర్ల వేగముతో కదలును. లోపలి గాడి వ్యాసము సుమారు 12 సెంటీమీటర్లు. అచ్చట వేగము 21 సెంటీమీటర్లే. 10,000 కంపనముల ధ్వనికి గాడిలో ఒక్కొక్క అల వెలుపల 0.05 మిల్లీమీటరు పొడవుండగా లోపల 0.02 మిల్లీమీటరుకు కుదించుకొనిపోవును. కావుననే పలక చివరి పాటలో తాళముల మెఱుపు మసకబారును.

డిజిటల్ పద్ధతిలో గాడి లేదు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కున శబ్దతరంగమును సెకండుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా వ్రాయుదురు. కొలతకును కొలతకును నడుమనున్న శబ్దము పోవునని కొందఱి భయము. అది సరికాదు. ఒక తరంగములోని అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువ మారులు కొలిచినచో ఆ తరంగమును పూర్తిగా తిరిగి నిర్మింపవచ్చునని షానన్ 1949లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. మానవుని చెవి 20,000 కంపనములకు మించి వినజాలదు. కనుక 44,100 కొలతలు చాలును. అతి మెల్లని, అతి బిగ్గరి ధ్వనుల నడుమ అంతరము ఇందు 96 డెసిబెల్స్. మంచి వినైల్ పలకకు అది సుమారు 70.

కొలతలను బట్టి తీర్పు డిజిటల్ పక్షమే. అయినను వినైల్‌ను మెచ్చువారి చెవిని తప్పుపట్టరాదు. 1990 తరువాత అనేక డిస్కులలో పాట బిగ్గరగా వినబడవలెనని మెల్లని ధ్వనులను సైతము పెంచి ముద్రించిరి. దానివలన గానములోని ఎగుడుదిగుడులు చదునయ్యెను. ఎంపీత్రీ వంటి కుదింపు రూపములలో చెవికి పట్టదని తలచిన భాగమును విడిచివేయుదురు. అట్టి ముద్రణ కంటె శ్రద్ధతో చేసిన పాత పలక హాయిగా వినబడుటలో వింత లేదు. అది ముద్రించినవారి లోపమే గాని, అంకెల లోపము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము మన్నికలో కలదు. సూది నడచిన ప్రతిసారియు గాడి కొంత అరుగును. గోదావరి తీరపు వానకాలపు చెమ్మలో పలకలకు బూజు పట్టును, వేసవి దుమ్ము గాడిలో చేరును. లక్కపలక చేయిజారినచో పగిలిపోవును. డిజిటల్ ప్రతి ఎన్నిమారులు విన్నను అరుగదు. కాని అది భద్రపరచిన పరికరము చెడినచో ఒక్కసారిగా పోవును.

కాబట్టి పాత పలకలున్న ఇండ్లవారు వానిని ఊరక త్రిప్పుచుండక, ముందుగా డిజిటల్ ప్రతి తీయించుట మేలు. 78 పలక గాడి వెడల్పు గనుక దానికి తగిన సూదినే వాడవలెను. కుదింపు లేని రూపమున ముద్రించి, ప్రతులను రెండు మూడు చోట్ల ఉంచవలెను. పలకను పారవేయరాదు, రేపు మేలైన యంత్రము దానినుండి మఱికొంత రాబట్టవచ్చును. గోపన్న గొంతు పోయినది. ఆయన కీర్తనలు పాడిన పాతతరమువారి గొంతులు మాత్రము ఇంకను ఆ గాడులలో ఉన్నవి.