జైల్లో కౌన్సిల్ మీటింగు

ఇంటిపన్ను కాగితం వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు. మావారు కళ్ళజోడు తుడుచుకుని అంకెలు రెండుసార్లు చదువుతారు. అత్తయ్యగారు పడకకుర్చీలోంచి, "వీధి దీపం వెలిగి ఎన్నాళ్ళయిందో, దీనికి పన్నొకటా!" అంటారు. మొన్నా అదే జరిగింది. "కట్టకపోతే ఏం చేస్తారూ, జైల్లో పెడతారా?" అని ఆవిడ అడగ్గానే నాకు పోప్లార్ గుర్తొచ్చింది.

బి.ఏ.లో చరిత్ర నా అభిమాన సబ్జెక్టు. కానీ ఇంగ్లండు చరిత్రంటే మాకు చెప్పింది రాజులూ, వాళ్ళ పెళ్ళిళ్ళూ, యుద్ధాలూ. పోప్లార్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే పరీక్షలో ఇంకో పది మార్కులు ఎక్కువ తెచ్చుకునేదాన్నేమో.

పోప్లార్ లండన్‌కి తూర్పున, రేవుల పక్కనున్న బీదపేట. ఇవాళ పని ఉందో లేదో పొద్దున్నే రేవు గేటు దగ్గర నిలబడితేగానీ తెలియని కూలీల ఊరు. ఆ రోజుల్లో లండన్ 28 బరోలుగా ఉండేది. ఒక్కొక్కదానికి ఒక్కో కౌన్సిలు, ఒక్కో మేయరు. మొదటి ప్రపంచయుద్ధం వల్ల 1912 తర్వాత ఎన్నికలే జరగలేదు. మళ్ళీ 1919 నవంబరులో జరిగేసరికి లోకం మారిపోయింది. అంతకు ముందు ఏడాదే వచ్చిన చట్టంతో ఎందరో ఆడవాళ్ళు కొత్తగా ఓటర్లయ్యారు. పోప్లార్‌లో 42 స్థానాలుంటే 39 లేబర్ పార్టీకి వచ్చాయి! జార్జి లాన్స్‌బరీ మేయరయ్యాడు. గొప్పింటి పెద్దమనుషులు కూర్చున్న కుర్చీల్లో రేవు కూలీలూ, రైల్వే పనివాళ్ళూ కూర్చున్నారు.

కూర్చుని ఊరుకోలేదు. కౌన్సిలు పనివాళ్ళకి వారానికి కనీసం 4 పౌన్ల జీతం అన్నారు. ఆడవాళ్ళకీ అంతే, మగవాళ్ళకీ అంతే. 1920లో! మన ఊళ్ళల్లో నాట్లు వేసే ఆడకూలీకి సమానకూలి మాట ఎత్తితే ఇప్పటికీ మొహాలు ఎలా మాడిపోతాయో మీకు తెలియనిది కాదు.

చిక్కల్లా పన్ను దగ్గరొచ్చింది. లండన్‌కంతటికీ ఉమ్మడిగా పోలీసులు, నీళ్ళు, ఆసుపత్రులు ఉండేవి. వాటి ఖర్చు అన్ని బరోలూ పంచుకోవాలి. బీదవాళ్ళకిచ్చే సాయం మాత్రం ఎవరి పేటది వాళ్ళే భరించాలి. ఉమ్మడి కుటుంబంలో పండగ ఖర్చు అందరిదీ, రోగం ఖర్చు మాత్రం ఎవరిది వాళ్ళదీ అన్నట్టు. పెద్ద పెద్ద మేడలున్న వెస్ట్‌మినిస్టర్‌లో బీదలు తక్కువ, పన్ను రాబడి ఎక్కువ. పోప్లార్‌లో అంతా తలకిందులు. పైగా యుద్ధం తర్వాత నిరుద్యోగం. పన్ను ఇంకా పెంచితే కట్టేదెవరు? పక్కింటి బీదవాడే కదా!

1921 మార్చిలో కౌన్సిలు తెగించింది. ఉమ్మడి ఖర్చుల తాలూకు పన్ను వసూలు చెయ్యం పొమ్మంది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. జూలై 29న కౌన్సిలర్లు బ్యాండు మేళంతో, వెనక వేలమంది నడుస్తుండగా కోర్టుకి కాలినడకన వెళ్ళారు. హైకోర్టుకి పోతున్నాం, బహుశా జైలుకి కూడానేమో అన్న అర్థంతో ముందు పెద్ద బ్యానరు పట్టించారు. సెప్టెంబరులో అరెస్టులు. మొత్తం 30 మంది. మగవాళ్ళు 25 మంది బ్రిక్స్‌టన్ జైలుకీ, ఆడవాళ్ళు అయిదుగురు హాలోవే జైలుకీ.

నాకు ఇష్టమైంది ఈ అయిదుగురి కథే. సూసన్ లారెన్స్ కలిగినింటి పిల్ల, గణితం చదువుకున్నావిడ, ఒకప్పుడు కన్సర్వేటివ్ పార్టీ మనిషి. 1923లో లేబర్ తరఫున పార్లమెంటుకెళ్ళిన మొదటి ముగ్గురు స్త్రీలలో ఒకావిడయింది. జూలియా స్కర్, జెనీ మెకే. మినీ లాన్స్‌బరీ టీచరు, మేయరుగారి కోడలు. మామగారితోపాటు జైలుకెళ్ళిన కోడలు ఇంకెవరున్నారో చెప్పండి! నెలీ క్రెసాల్ లాండ్రీలో పనిచేసిన మనిషి, అప్పుడు నిండు గర్భిణి. జనం గోల పెట్టేసరికి ప్రభుత్వం ఆవిణ్ణి ముందే వదిలేయాల్సొచ్చింది.

అసలు తమాషా ఏమిటంటే, కౌన్సిలు మీటింగులు బ్రిక్స్‌టన్ జైల్లోనే జరిగాయి. హాలోవే నుంచి ఆడవాళ్ళని టాక్సీలో తీసుకొచ్చేవారు. సర్కారు ఖర్చుతో టాక్సీ ఎక్కి, సర్కారుకి పన్ను వసూలు చెయ్యమని తీర్మానించడం! బెత్నల్ గ్రీన్, స్టెప్నీ బరోలు కూడా అదే దారి పడతామనేసరికి ప్రభుత్వం దిగొచ్చింది. అక్టోబరు 12న అందర్నీ వదిలారు. బీదల పోషణ భారం లండన్ బరోలన్నీ పంచుకునేలా చట్టం వచ్చింది. సొంత పార్టీలో హెర్బర్ట్ మారిసన్ లాంటివాళ్ళకి ఈ పద్ధతి నచ్చలేదు. చట్టాన్ని ధిక్కరిస్తే రేపు మనకి ఓట్లెవరేస్తారని వాళ్ళ భయం. 1922 నవంబరు ఎన్నికల్లో నిజంగానే లండన్‌లో చాలా బరోలు లేబర్ చేజారాయి. పోప్లార్ మాత్రం చేజారలేదు.

అదే 1921లో మన చీరాల పేరాలలో మునిసిపాలిటీ పన్ను కట్టమని జనం ఊరొదిలి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట రామనగరులో పాకలు వేసుకున్నారు. ఒకరి మాట ఒకరికి తెలిసిందో లేదో గానీ ఏడాది ఒకటే. 1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికెళ్ళి హోటళ్ళు వద్దని బస చేసిన కింగ్స్‌లీ హాలు కూడా ఈ పోప్లార్ బరోలోదే.

మినీ ఆ విజయం ఎక్కువ కాలం చూడలేదు. 1922 జనవరి 1న నిమోనియాతో పోయింది. ముప్ఫై రెండేళ్ళు. బో రోడ్డులో ఆవిడ పేర గడియారం ఉంది. భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో భార్య కూతురే హాలీవుడ్ నటి ఏంజెలా లాన్స్‌బరీ.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. నెలీ 1943లో అదే పోప్లార్‌కి మేయరయిందని కూడా చెప్పాను. ఆవిడ అదేం పట్టించుకోలేదు. "కడుపుతో ఉన్న మనిషిని జైల్లో పెట్టడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయే!" అన్నారు. మావారు మాత్రం అప్పటికే చెక్కు రాసేసి చెప్పులేసుకుంటున్నారు.