లూథర్, జ్వింగ్లీ, కాల్విన్: పుస్తకం ఒక్కటే, దారులు ఎందుకు వేరయ్యాయి?

గుంటూరు వెళ్తే లూథరన్ చర్చి కనిపిస్తుంది. ఒంగోలు వెళ్తే బాప్టిస్టు చర్చి. మహబూబ్‌నగర్ వైపు వెళ్తే మెన్నోనైట్ బ్రెదరన్ చర్చి. అందరూ చదివేది బైబిలే కదా, మరి ఇన్ని పేర్లెందుకు అని మీకెప్పుడైనా అనిపించిందా? ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ఐదువందల ఏళ్ళు వెనక్కి, జర్మనీకి, స్విట్జర్లాండ్‌కి వెళ్ళాలి. ఎవరి విశ్వాసం కరెక్టో తేల్చడం నా పని కాదు. ఎవరు ఏం నమ్మారు, అధికారం చేతికొచ్చాక ఏం చేశారు, ఈ రెండే చూద్దాం.

ముందు మార్టిన్ లూథర్. విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో బైబిల్ చెప్పే ప్రొఫెసర్, సన్యాసి. ఆ రోజుల్లో చర్చి పాపక్షమాపణ పత్రాలు అమ్మేది. డబ్బు కట్టి పత్రం కొనుక్కుంటే చనిపోయాక పడే శిక్ష తగ్గుతుందని జనాన్ని నమ్మించేవాళ్ళు. ఆ డబ్బులో సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, మిగతా సగం మైంజ్ ఆర్చ్‌బిషప్ బ్యాంకు అప్పు తీర్చడానికి. 1517 అక్టోబర్ 31న లూథర్ దీని మీద 95 వాదాలు రాశాడు. వాటిని చర్చి తలుపుకి మేకులతో కొట్టాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. అదే రోజు ఆర్చ్‌బిషప్‌కి ఉత్తరంతో పాటు పంపాడన్నది మాత్రం ఖాయం.

లూథర్ చెప్పింది సింపుల్‌గా చెప్పాలంటే రెండు ముక్కలు. ఒకటి, మనిషికి రక్షణ డబ్బుతోనో, చేసిన పుణ్యకార్యాలతోనో రాదు, దేవుడి కృప వల్ల, విశ్వాసం ద్వారా వస్తుంది. రెండు, పోప్ కంటే, చర్చి సభల కంటే బైబిలే పెద్ద. 1521లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి ఐదో చార్లెస్ ఎదుట నిలబెట్టి, రాసింది వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోలేదు. తర్వాత వార్ట్‌బర్గ్ కోటలో దాక్కుని కొత్త నిబంధనని జర్మన్‌లోకి అనువదించాడు. అది 1522లో అచ్చయింది. పూర్తి బైబిల్ 1534లో వచ్చింది. లాటిన్ రానివాళ్ళు కూడా తమ సొంత భాషలో బైబిల్ చదవడం, వినడం మొదలుపెట్టారు.

చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. ఆఖరి మాట బైబిల్‌దే, సరే. అదే బైబిల్లో ఒక మాటకి ఇద్దరు రెండు అర్థాలు చెబితే? ఎవరు తేల్చాలి? పోప్‌ని పక్కన పెట్టేశారు కదా!

ఇప్పుడు జ్యూరిక్ వెళ్దాం. అక్కడ ఉల్రిచ్ జ్వింగ్లీ అనే పాదిరి ఉన్నాడు. వయసులో లూథర్ కంటే ఏడు వారాలే చిన్న. 1522లో, ఈస్టర్ ముందు మాంసం ముట్టకూడని ఉపవాస దినాల్లో, ఒక ప్రింటర్ ఇంట్లో కొందరు సాసేజ్‌లు తిన్నారు. జ్వింగ్లీ అక్కడే ఉన్నాడు, తను తినలేదు. కానీ తిన్నవాళ్ళ తరఫున నిలబడ్డాడు. ఈ నియమం బైబిల్లో ఎక్కడుంది అన్నది ఆయన ప్రశ్న.

ఇద్దరి మధ్య తేడా చూడండి. బైబిల్ వద్దనని ఆచారాన్ని ఉంచుకోవచ్చు అన్నది మొత్తం మీద లూథర్ పద్ధతి. బైబిల్ చెయ్యమనని ఆచారాన్ని ఆరాధనలోంచి తీసెయ్యాలి అన్నది జ్వింగ్లీ పద్ధతి. అందుకే లూథర్ పాటలు రాసి జనం చేత పాడించాడు. జ్వింగ్లీ స్వయంగా ఎన్నో వాద్యాలు వాయించగలిగిన మనిషి, అయినా జ్యూరిక్ చర్చిల్లో సంగీతం ఆగిపోయింది. 1524లో విగ్రహాలు, బొమ్మలు కూడా తీసేశారు.

1529 అక్టోబర్‌లో వీళ్ళిద్దరూ మార్‌బర్గ్ కోటలో ఎదురెదురుగా కూర్చున్నారు. పిలిచింది హెస్సే ప్రాంత పాలకుడు ఫిలిప్. ఆయన లెక్క రాజకీయ లెక్క: చక్రవర్తిని తట్టుకోవాలంటే సంస్కరణవాదులంతా ఒక్కటవ్వాలి. మొత్తం 15 అంశాలు రాసుకున్నారు. 14 దగ్గర ఒప్పందం కుదిరింది. ఆఖరిదాంట్లో, ప్రభురాత్రి భోజనం దగ్గర, బండి ఆగిపోయింది. చివరి విందులో యేసు రొట్టె పట్టుకుని అది తన శరీరమని చెప్పాడు. ఆ మాట ఉన్నది ఉన్నట్టే నిజం, క్రీస్తు శరీరం అక్కడ ఉంటుంది అని లూథర్. రొట్టె ఆ శరీరానికి గుర్తు మాత్రమే అని జ్వింగ్లీ. లూథర్ ఆ వాక్యాన్ని సుద్దతో బల్ల మీద రాసుకుని మరీ వాదించాడు. చివరికి జ్వింగ్లీని విశ్వాసంలో సోదరుడిగా ఒప్పుకోనన్నాడు. రెండేళ్ళకి, 1531లో, కాథలిక్ సైన్యంతో కాపెల్ దగ్గర జరిగిన యుద్ధంలో జ్వింగ్లీ చనిపోయాడు.

ఇప్పటిదాకా చెప్పింది మాటల గొడవ. ప్రాణాలు తీసిన గొడవ వేరే ఉంది. జ్వింగ్లీ దగ్గర బైబిల్ చదువుకున్న కుర్రాళ్ళు కొందరు ఆయన లాజిక్‌నే ఆయన మీద వాడారు. పసిపిల్లలకి బాప్తిస్మం ఇమ్మని బైబిల్లో ఎక్కడుంది? నమ్మిన మనిషి తనంతట తాను తీసుకోవాలి కదా? 1525 జనవరిలో వాళ్ళు పెద్దవాళ్ళుగా మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ళనే అనబాప్టిస్టులు అన్నారు. ఆ రోజుల్లో ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకీ బాప్తిస్మం ఇవ్వడమంటే ఊరూ చర్చీ ఒకటే అని చెప్పడం. అది కాదంటే నగర పాలననే కాదన్నట్టు. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్ అనే అనబాప్టిస్టు నాయకుణ్ణి జ్యూరిక్ నగర సభ లిమ్మాట్ నదిలో ముంచి చంపించింది. జ్వింగ్లీ ఆ శిక్షని వ్యతిరేకించలేదు.

లూథర్ మీదా మచ్చ ఉంది. 1525లో జర్మన్ రైతులు బైబిల్ వచనాలు చూపిస్తూ 12 డిమాండ్లు పెట్టారు. క్రీస్తు అందరినీ విడిపించాడు కాబట్టి వెట్టి బతుకు పోవాలన్నారు. లూథర్ మొదట ప్రభువుల తప్పు కూడా ఎత్తి చూపాడు. తిరుగుబాటు ముదిరాక మాత్రం రైతుల్ని అణిచెయ్యమని రాశాడు. చచ్చిపోయిన రైతులు లక్ష దాకా ఉంటారని అంచనా. 1543లో యూదుల మీద ఆయన రాసిన విషపు రాతల్ని తర్వాతి కాలంలో నాజీలు కూడా వాడుకున్నారు.

మూడో మనిషి జాన్ కాల్విన్, తర్వాతి తరం. ఫ్రాన్స్‌లో పుట్టి, లా చదివి, జెనీవాలో స్థిరపడ్డాడు. ప్రభు భోజనం విషయంలో మధ్యే మార్గం చెప్పాడు: రొట్టె రొట్టెగానే ఉంటుంది, అయినా అది ఖాళీ గుర్తు కాదు, ఆత్మ ద్వారా విశ్వాసి నిజంగా క్రీస్తుని అందుకుంటాడు. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న సిద్ధాంతంతో కూడా ఆయన పేరు ముడిపడిపోయింది. చర్చిని నడపడానికి పాదిరీలతో పాటు సంఘ పెద్దలూ ఉండాలని ఒక వ్యవస్థ కట్టాడు. రాజు ఎదురు తిరిగినా బతకగలిగే వ్యవస్థ అది. అందుకే ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్కాట్లాండ్, అక్కణ్ణుంచి అమెరికా దాకా పాకింది.

అదే జెనీవాలో 1553 అక్టోబర్ 27న మైకేల్ సెర్వెటస్ అనే స్పానిష్ వైద్యుణ్ణి సజీవంగా తగలబెట్టారు. త్రిత్వాన్ని ఒప్పుకోకపోవడం ఆయన చేసిన నేరాల్లో ఒకటి. కాథలిక్కులూ ఆయనకి అప్పటికే మరణశిక్ష వేశారు. తల నరికితే చాలని కాల్విన్ అడిగాడు గానీ, చంపొద్దని అడగలేదు. ఆ మాట గట్టిగా అన్నవాడు కాస్టెల్లియో, ఒకప్పుడు జెనీవాలోనే పనిచేసిన పండితుడు. తప్పుగా నమ్మినవాణ్ణి వాదించి ఒప్పించాలే గానీ చంపే హక్కు ఎవరికీ లేదని ఆయన వాదించాడు.

నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఈ ముగ్గురూ పోప్‌ని ప్రశ్నించే హక్కు సంపాదించుకున్నారు. తమని ప్రశ్నించేవాడికి ఆ హక్కు ఇవ్వలేకపోయారు. నాకు నచ్చింది నమ్ముతాను, నీకు నచ్చింది నువ్వు నమ్ము అనే స్వేచ్ఛ వాళ్ళ చేతుల మీదుగా నేరుగా రాలేదు. నదిలో మునిగినవాళ్ళు, ఊళ్ళు వదిలి పారిపోయినవాళ్ళు ఆ స్వేచ్ఛకి ఎక్కువ మూల్యం చెల్లించారు.

మరి మన ఊళ్ళ సంగతి? లూథర్ దారిలో వచ్చిన షుల్జ్ అనే మిషనరీ 1720ల్లోనే మద్రాసులో ఉండి కొత్త నిబంధనని తెలుగులోకి తెచ్చాడు, అది అచ్చు కాలేదు. 1842లో హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్లు ఆ అనబాప్టిస్టుల వారసులు. బాప్టిస్టుల చరిత్ర ఇంగ్లండ్‌లో విడిగా మొదలైనా, పెద్దయ్యాకే బాప్తిస్మం అన్నది వాళ్ళ మాట కూడా. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, కాల్విన్ దారి చర్చిలు కలిసి సీఎస్ఐ అయినప్పుడు లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు.

మార్‌బర్గ్‌లో తెగిన ముడి యూరప్‌లో 1973లో పడింది. లూథర్ దారి చర్చిలు, జ్వింగ్లీ-కాల్విన్ దారి చర్చిలు కలిసి ప్రభు భోజనం తీసుకోవచ్చని ఒప్పందం రాసుకున్నాయి. లెక్కేస్తే 444 ఏళ్ళు పట్టింది. 2010లో ప్రపంచ లూథరన్ సమాఖ్య ఆనాటి హింసకి మెన్నోనైట్లని క్షమాపణ అడిగింది. ఫెలిక్స్ మాంజ్‌ని ముంచిన లిమ్మాట్ ఒడ్డున ఇప్పుడు ఆయన పేరుతో ఒక స్మారక ఫలకం ఉంది.

ఈసారి ఏదైనా చర్చి బోర్డు మీద పేరు కనబడితే ఒక్కసారి ఆగి చదవండి, దాని వెనక ఇంత కథ ఉంది.