వర్జీనియా తీరంలో సముద్రగడ్డి: నాశనం, పునరుద్ధరణ, వేడి

సముద్రగడ్డిని సముద్రపు నాచుగా పొరబడరాదు. నాచుకు నిజమైన వేళ్లు గాని, పూలు గాని ఉండవు. సముద్రగడ్డి నేలమీది మొక్కల మాదిరిగానే వేళ్లూని, నీటి అడుగునే పూచి, గింజ కట్టే మొక్క. మన పులికాట్ సరస్సులోనూ దీని జాతులు కొన్ని ఉన్నాయి. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది మాత్రం అమెరికా తూర్పు తీరంలోని వర్జీనియా రాష్ట్రంలో ఈల్‌గ్రాస్ అనే జాతి చరిత్ర.

1931-32లో ఉత్తర అట్లాంటిక్‌కు ఇరువైపులా ఈల్‌గ్రాస్‌కు ఒక తెగులు సోకింది. ఆకులు నల్లబడి కుళ్లిపోయాయి. బూజును పోలిన ఒక సూక్ష్మజీవి ఇందుకు కారణం కాగలదని 1980ల చివరలో గాని ప్రయోగపూర్వకంగా రుజువు కాలేదు. తెగులు మిగిల్చినదాన్ని 1933 ఆగస్టులో వచ్చిన పెనుతుఫాను తుడిచిపెట్టింది. గడ్డితోపాటు స్కాలప్ అనే ఆల్చిప్పల వేట మూతపడింది. ఆ గడ్డి మీద ఆధారపడిన బ్రాంట్ బాతుల సంఖ్య పడిపోయింది. మరింత ఉత్తరాన, ఈల్‌గ్రాస్ ఆకులనే తిని బతికిన ఒక చిన్న నత్తజాతి పూర్తిగా అంతరించింది. అది అంతరించిన సంగతిని పరిశోధకులు లోకానికి తెలియజేసింది 1991లో! అప్పటికి ఆ జాతికి సాక్ష్యంగా మిగిలినవి మ్యూజియంలలో భద్రపరచిన పాత నమూనాలే.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదాన్ని గుర్తించాలి. గడ్డి ఎందుకు పోయిందన్నది ఒక ప్రశ్న. పోయినది ఎందుకు తిరిగి రాలేదన్నది మరొకటి. పక్కనే ఉన్న చెసపీక్ అఖాతంలో గడ్డి కొంతవరకు కోలుకుంది. సముద్రం వైపున్న లోతు తక్కువ తీరజలాల్లో మాత్రం అరవై ఏళ్లకు పైగా పోచ మొలవలేదు. నీరు చెడిపోయి ఉంటుందనుకోవడం సహజం. కాని 1990ల చివరలో సౌత్ బే అనే చోట ఒక చిన్న గడ్డిమడి కనిపించింది. అంటే నీరు అనుకూలంగానే ఉంది, కొరవడినది విత్తనం. ఈల్‌గ్రాస్ గింజ రాలిన చోటునుంచి సాధారణంగా కొద్ది మీటర్లకు మించి కదలదు. తల్లిమొక్క లేని చోటికి గింజ చేరే అవకాశం చాలా తక్కువ.

రాబర్ట్ ఆర్థ్, వర్జీనియా సముద్రశాస్త్ర సంస్థలోని ఆయన సహచరులు ఈ అవగాహనతోనే పని ప్రారంభించారు. వేసవి మొదట్లో గింజ పట్టిన కాడలను కోసి తొట్లలో ఉంచి, రాలిన గింజలను శరదృతువులో పడవల మీదనుంచి చల్లారు. మన రైతు వరి విత్తనం వెదజల్లినంత సాదా పని ఇది. ఇరవై ఏళ్లలో 7 కోట్లకు పైగా గింజలు చల్లారు. విత్తినది సుమారు 200 హెక్టార్లు. 2020 నాటికి గడ్డి పరచుకున్నది 3,600 హెక్టార్లు. ఆ తేడా అంతా గడ్డి తానుగా సాధించుకున్నదే.

అయితే ఈ విజయం వేడికి అతీతం కాదు. నీటి వేడి 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యేకొద్దీ ఈల్‌గ్రాస్ శ్వాసక్రియలో ఖర్చుచేసే ఆహారం, కిరణజన్య సంయోగక్రియ వల్ల తయారయ్యే ఆహారాన్ని మించిపోతుంది. 2005 వేసవిలో చెసపీక్‌లో గడ్డి పెద్దఎత్తున చనిపోయింది. 2015 జూన్‌లో సౌత్ బే నడిభాగమూ దెబ్బతిన్నది. ఆటుపోట్లతో బయటి సముద్రపు చల్లని నీరు అందే అంచుల్లో నష్టం తక్కువ. ఆ తరువాతి కొన్నేళ్లలో నడిభాగం కూడా కోలుకుంది.

కాబట్టి ఎక్కడ విత్తాలన్నది ఇప్పుడు ఎంత విత్తాలన్నదానికంటే ముఖ్యమైంది. చల్లని నీటి రాకపోకలున్న చోటు మేలు. రెండవది నీటి తేట. వేడిలో మొక్కకు ఎక్కువ వెలుతురు కావాలి. పొలాల నుంచి, పట్టణాల నుంచి చేరే నత్రజని వల్ల నీరు మసకబారితే ఆ వెలుతురు అందదు. సముద్రాన్ని చల్లబరచడం ఒక రాష్ట్రం చేతిలో లేదు. మురుగును అదుపుచేయడం ఉంది. నా దృష్టిలో ఖర్చు ముందు అక్కడ పెట్టడమే వివేకం. ఈ జాతికి దక్షిణపు హద్దయిన నార్త్ కరోలినాలో వేడికి అలవాటుపడిన మొక్కల గింజలను వర్జీనియాలో విత్తి చూసే ప్రయత్నాలూ మొదలయ్యాయి.

చెసపీక్‌లో ఈలోగా మరో మార్పు వచ్చింది. వేడిని బాగా తట్టుకునే విడ్జన్‌గ్రాస్ విస్తీర్ణంలో ఈల్‌గ్రాస్‌ను దాటిపోయింది. కాని వసంతకాలపు వానలు ఎక్కువై నదులు పోషకాలను మోసుకొచ్చిన ఏడు అది ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఒక ఏడు కనిపించిన మడి మరుసటి ఏడు అక్కడ ఉండకపోవచ్చు.